కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం: మన ప్రాంతం ఏమడగాలి, ఎవరిని అడగాలి?

రణస్థలం వాసి (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ తీరంలో అణు విద్యుత్ కేంద్రం వస్తుందన్న మాట మనం పదిహేనేళ్లకు పైగా వింటున్నాం. మొదట జీఈ–హిటాచీ రియాక్టర్లు వస్తాయన్నారు. 2016లో ఆ మాట మారింది. గుజరాత్‌లోని భావనగర్ జిల్లా మీఠీవిర్ది కోసం అనుకున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు అక్కడి రైతుల వ్యతిరేకత తర్వాత ఇటు మళ్లాయి. ఇప్పుడున్న ప్రతిపాదన ప్రకారం ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున వెస్టింగ్‌హౌస్ వారి ఏపీ-1000 రకం రియాక్టర్లు ఆరు, అంటే మొత్తం 7,248 మెగావాట్లు. అందుకోసం రెండు వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. కొవ్వాడ, రామచంద్రపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి వంటి ఊళ్లవారికి ఎచ్చెర్ల మండలం ధర్మవరం దగ్గర పునరావాసం చూపిస్తామన్నారు.

మన దగ్గర ఈ విషయం మీద జరిగే మాటలన్నీ రెండు కొసల్లోనే ఆగిపోతున్నాయి. ఒకరు ఇది చెర్నోబిల్ అవుతుందంటారు, ఇంకొకరు ఇది వస్తే జిల్లా దశ తిరుగుతుందంటారు. ఆ రెంటి మధ్య అడగవలసిన ప్రశ్నలు ఎవరి చేతిలోనూ లేవు. కేంద్రం వచ్చినా రాకపోయినా, ఊరి తరఫున రాతపూర్వకంగా అడగవలసినవి ఏమిటో ఈ చర్చలో తేల్చుకోవాలని నా కోరిక. అనుకూలురూ వ్యతిరేకులూ ఇద్దరూ రాయండి. రాసేది మాత్రం తెలిసి రాయండి.


కడలి ఇంటివారు

మాది తీరం మీది మత్స్యకార కుటుంబం. భూమి పోయినవారికి ఎకరానికి ఇంత అని లెక్క కట్టారు, సంతోషమే. మా నాన్నగారి పేరున ఒక్క సెంటు పట్టా లేదు. ఆయన ఆస్తి సముద్రమే. పడవ నిలిపే రేవు, వలలు ఆరబెట్టుకునే ఇసుక దిబ్బ, ఏ నెలలో ఏ చేప ఎంత లోతున తిరుగుతుందన్న ఎరుక, ఇవి ఏ సర్వే నంబరులో ఉన్నాయని తహసీల్దారు గారు నష్టపరిహారం రాస్తారు? ధర్మవరం కాలనీలో పక్కా ఇల్లు ఇస్తారు, కాదనను. కానీ తెల్లవారుజామున గాలి మళ్లిందో లేదో గుమ్మంలో నిలబడి చూసి వేటకు బయలుదేరే మనిషి, లోపలి ఊరి నుంచి ఆటో ఎక్కి వచ్చి వేట చేయగలడా?

మేమేదో పచ్చటి సముద్రాన్ని వదులుకోలేక మాట్లాడుతున్నామని అనుకోవద్దు. పైడిభీమవరం వైపు మందుల పరిశ్రమలు వచ్చిన నాటి నుంచి వ్యర్థజలాల వల్ల తీరం దగ్గర వేట తగ్గిందని మా పెద్దలు ఎన్నోసార్లు అర్జీలు పెట్టారు. వేట చాలక మా తీరం కుర్రవాళ్లు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి కూలికి పడవలెక్కుతున్నారు. 2018 చివర ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వారితో సహా మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది. 2020 జనవరిలో గానీ వాళ్లు వాఘా దాటి ఇంటికి రాలేదు. అందుకే నా ప్రశ్న సూటిగా ఉంటుంది. ఆరు రియాక్టర్ల నుంచి వేడినీళ్లు ఎంత వస్తాయి, ఎక్కడ వదులుతారు, కేంద్రం ముందున్న సముద్రంలో మమ్మల్ని ఎంత దూరం వరకు రానివ్వరు? ఈ మూడింటికీ ఇంతవరకూ మా ఊరిలో ఎవరూ అంకెలతో జవాబు చెప్పలేదు.


విశ్రాంత ఇంజినీరు

నేను థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో పనిచేసి విరమించినవాడిని. కొవ్వాడ కేంద్రం రావాలని కోరుకునేవారిలో ఒకడిని. ముందుగా కడలి ఇంటివారు అడిగిన దానికి నాకు తెలిసినంత లెక్క చెబుతాను.

ఒక ఏపీ-1000 రియాక్టర్ ఉత్పత్తి చేసే ఉష్ణం 3,400 మెగావాట్లు. అందులో సుమారు 1,200 మెగావాట్లు విద్యుత్తుగా మారుతుంది. మిగిలిన 2,200 మెగావాట్ల వేడిని సముద్రపు నీటితో చల్లార్చాలి. లోపలికి తీసుకున్న నీటి కన్నా బయటికి వదిలే నీరు 7 డిగ్రీలకు మించి వేడిగా ఉండరాదన్నది తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రానికి పెట్టిన నిబంధన. ఆ లెక్కన ఒక్కొక్క రియాక్టర్‌కు సెకనుకు సుమారు 75 ఘనపు మీటర్ల నీరు కావాలి. ఆరూ ఒకేసారి పూర్తి స్థాయిలో నడిస్తే సెకనుకు దాదాపు నాలుగున్నర లక్షల లీటర్లు. ఇది చిన్న అంకె కాదని ఒప్పుకుంటాను. లోతైన సముద్రంలోకి సొరంగం వేసి వదిలితే వేడి త్వరగా కలిసిపోతుంది, ఒడ్డునే వదిలితే కలవదు. ఎలా వదులుతారన్నది నమూనా అధ్యయనంతో తేలుతుంది. అడగవలసింది ఆ అధ్యయనాన్నే. ఇంకొక మాట. వేడి కన్నా ముందు, నీటిని లోపలికి పీల్చుకునేటప్పుడు చేప గుడ్లూ పిల్లలూ జల్లెడల దగ్గర నశించడం గురించి అడగండి. దాన్ని చాలామంది మరిచిపోతారు.

ఇక భద్రత. 2011 మార్చి 11న ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతటవే ఆగిపోయాయి. ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. దాదాపు 14, 15 మీటర్ల ఎత్తున వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది, ఆగిన రియాక్టర్‌ను చల్లార్చే పంపులు నడవలేదు, ఇంధనం కరిగింది. ఏపీ-1000 రూపకల్పన ఈ బలహీనతను దృష్టిలో పెట్టుకుని చేసినదే. రియాక్టర్ పైభాగాన పెద్ద నీటి తొట్టి ఉంటుంది. బయటి కరెంటు పోయినా, జనరేటర్లు నడవకపోయినా, ఆపరేటరు వేలు కదపకపోయినా, గురుత్వాకర్షణతోనూ ఆవిరి సహజ ప్రసరణతోనూ 72 గంటలు చల్లబడుతుంది. 2004 డిసెంబరు సునామీలో తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రం పంపుహౌసులోకి సముద్రపు నీరు వచ్చింది. అయినా అక్కడి సిబ్బంది రియాక్టర్‌ను సురక్షితంగా ఆపగలిగారు.

బొగ్గు సంగతి నేను దగ్గరగా చూశాను. బూడిద చెరువుల పక్కన బతికే ఊళ్లవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఎవరూ చర్చ పెట్టరు. దేశంలో అణు విద్యుత్తు వాటా ఇప్పటికీ సుమారు 3 శాతమే. బొగ్గు తగ్గించాలి, రాత్రిపూట కూడా కరెంటు కావాలి అంటే అణు విద్యుత్తును పక్కన పెట్టి లెక్క కుదరదు.


సోంపేట మిత్రుడు

ఇంజినీరు గారూ, మీరు రాసిన సాంకేతిక విషయాల్లో నాకు పేచీ లేదు. నా అనుమానం యంత్రం మీద కాదు, దాన్ని మన మీదికి తెచ్చే పద్ధతి మీద.

మా సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం పెడతామన్నప్పుడు కాగితాల్లో వాటిని బంజరు అన్నారు. ఆ చిత్తడి నేలల్లో ఏడాది పొడుగునా నీళ్లుండేవి, వాటి కింద పంటలు పండేవి, చేపలు పట్టుకునేవాళ్లు, పక్షులు వచ్చేవి. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయిన తర్వాత గానీ ఆ పర్యావరణ అనుమతి రద్దు కాలేదు. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న మరో థర్మల్ కేంద్రం వివాదంలో కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు. సోంపేట అనుమతి తప్పని ప్రభుత్వ సంస్థే తేల్చింది. చనిపోయినవారు తిరిగి రాలేదు. ఈ జిల్లాలో ఒక రైతు ప్రాజెక్టు అనగానే ఉలిక్కిపడితే అది అజ్ఞానం కాదు, అనుభవం.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే మనకు తెలుసు. ఇంగ్లీషులో వందల పేజీల పర్యావరణ ప్రభావ నివేదిక, తెలుగులో పలుచని సారాంశం, టెంటు చుట్టూ పోలీసులు, మాట్లాడటానికి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. కొవ్వాడకు సంబంధించి ఆ ఘట్టం వచ్చినప్పుడు, నివేదిక మొత్తం తెలుగులో ఇవ్వాలనీ, చదువుకోవడానికి నెలల వ్యవధి ఉండాలనీ, ఊళ్లు తమకు నచ్చిన నిపుణుణ్ణి తెచ్చుకుని అడిగించుకునే అవకాశం ఉండాలనీ మనం ముందే పట్టుబట్టాలి. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారి వంటివారు కొవ్వాడ మీద ప్రభుత్వానికి ప్రశ్నలు సంధిస్తూనే ఉన్నారు. అటువంటివారి ప్రశ్నలకు జవాబులు బహిరంగంగా వచ్చాయా అని చూస్తే చాలు, మన ఊరి మనిషి ప్రశ్నకు జవాబు ఎలా ఉంటుందో అర్థమవుతుంది.


తీరప్రాంత నర్సు

నేను ఉద్దానంలో పనిచేశాను. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో ఈ వేదికలోని వారికి చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం జలాశయం నుంచి కుళాయి నీళ్లు తెచ్చారు, అవి మంచి పనులు. కానీ జబ్బు ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఈనాటికీ రాలేదు. నీళ్లా, ఎండలో పనా, మందులా, వంశపారంపర్యమా అని ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నారు. దానికి ఒక పెద్ద కారణం, మొదట్లో జనం ఆరోగ్యం ఎలా ఉండేదో నమోదు లేకపోవడం.

దీనికీ అణు కేంద్రానికీ ఏ సంబంధమూ లేదు, ఉందని నేను అనడం లేదు. ఉద్దానం కొవ్వాడకు దూరం కూడా. నేను చెప్పేది వేరు. కేంద్రం నడవడం మొదలైన తరువాత, పదేళ్లకో ఇరవై ఏళ్లకో, రామచంద్రపురంలోనో బుడగట్లపాలెంలోనో నలుగురికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందనుకోండి. ఊరు కేంద్రాన్ని నిందిస్తుంది, కేంద్రం వారు అది మామూలు సంఖ్యే అంటారు. ఎవరి మాట నిజమో చెప్పగల కాగితం ఎవరి దగ్గరా ఉండదు. కాబట్టి ఒక్క ఇటుక పడకముందే, 16 కిలోమీటర్ల పరిధిలోని ప్రతి ఇంటికీ ఆరోగ్య సర్వే జరగాలి. క్యాన్సర్లు, థైరాయిడ్ సమస్యలు, గర్భస్రావాలు, పుట్టుకతో వచ్చే లోపాలు, కిడ్నీ పనితీరు నమోదు కావాలి. బావి నీటిలో, చేపల్లో, జీడిపప్పులో, పాలలో ఇప్పుడున్న సహజ రేడియోధార్మికత కొలవాలి. ఆ సర్వేను కేంద్రం కట్టే సంస్థ చేయకూడదు. ఆంధ్ర వైద్య కళాశాల వంటి ప్రభుత్వ సంస్థ చేసి, ఫలితాలను గ్రామ పంచాయతీలో ఉంచాలి.

ఇది అనుకూలురికి కూడా మేలు చేస్తుంది. కేంద్రం నిజంగా నిరపాయకరమైతే దాన్ని రుజువు చేసేది ఈ సర్వే ఒక్కటే.


విశ్రాంత ఇంజినీరు

నర్సు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా ఉపయోగకరమైన డిమాండు నేను ఇంతవరకూ వినలేదు.


అట్లాంటా తెలుగు

మాది లావేరు మండలం, ఇరవై ఏళ్లుగా అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉంటున్నాం. మీరు చెప్పుకుంటున్న ఏపీ-1000 రియాక్టర్లు అమెరికాలో పూర్తయింది మా రాష్ట్రంలోనే, వోగల్ అనే చోట. అందుకే ఇది రాస్తున్నాను.

వోగల్ మూడో యూనిట్ 2023 జూలైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. మొదట సుమారు 1,400 కోట్ల డాలర్లన్న వ్యయం 3,000 కోట్ల డాలర్లు దాటింది. అనుకున్న గడువుకు ఏడేళ్లు ఆలస్యమైంది. మధ్యలో, 2017 మార్చిలో, వెస్టింగ్‌హౌస్ దివాలా దరఖాస్తు పెట్టింది. పక్క రాష్ట్రం సౌత్ కరొలైనాలో ఇవే రియాక్టర్లు రెండు కడుతూ, దాదాపు 900 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2017 జూలైలో పనులు వదిలేశారు. ఒక్క యూనిట్ కరెంటు కూడా రాకుండానే అక్కడి వినియోగదారుల బిల్లుల్లో ఆ ఖర్చు పడింది. జార్జియాలో కూడా కేంద్రం పూర్తి కాకముందే, 2011 నుంచి, మా నెలవారీ బిల్లులో దాని పేరున రుసుము వసూలు చేశారు.

న్యాయంగా ఇంకొక వైపు కూడా చెప్పాలి. చైనాలో సాన్మెన్, హైయాంగ్ కేంద్రాల్లో ఇవే రియాక్టర్లు 2018లో నడవడం మొదలుపెట్టాయి. వోగల్ ఇప్పుడు బాగానే నడుస్తోంది, చుట్టుపక్కల ఉద్యోగాలు వచ్చాయి. యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మన రాష్ట్రంలో సౌర విద్యుత్తు వేలంలో యూనిట్ మూడు రూపాయల లోపు దొరుకుతున్న కాలంలో, కొవ్వాడ విద్యుత్తు యూనిట్ ఎంతకు కొంటామని డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) ఒప్పందం చేసుకుంటాయి? వ్యయం పెరిగితే ఆ భారం కంపెనీదా, కేంద్ర ప్రభుత్వానిదా, విజయనగరంలో ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషిదా? ఈ ప్రశ్న తీరగ్రామాలది మాత్రమే కాదు, బిల్లు కట్టే ప్రతి ఇంటిదీ.


విశ్రాంత ఇంజినీరు

ధర విషయంలో మీ భయం సరైనదే. ఒక సవరణ మాత్రం చేర్చాలి. సౌర విద్యుత్తు మూడు రూపాయలన్నది పగటి ధర. సాయంత్రం ఆరు తర్వాత అవసరమయ్యే కరెంటుకు బ్యాటరీ గానీ, పిన్నాపురంలో కట్టినట్టు నీటిని ఎత్తిపోసి నిల్వ చేసే పథకం గానీ కావాలి, దాని ఖర్చు కలపాలి. అది కలిపి పోల్చితే తేడా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది కొవ్వాడ ధర బయటపెడితేనే తెలుస్తుంది, ఆ ధర ఎవరూ బయటపెట్టలేదు.

దేశంలోనే రూపొందించిన 700 మెగావాట్ల భారజల రియాక్టర్లు గుజరాత్ కాక్రపార్‌లో రెండు నడుస్తున్నాయి. వాటిని మన ఇంజినీర్లు కట్టారు, వాటి విడిభాగాలు మన దగ్గరే తయారవుతాయి, ఇంధనం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నుంచి వెళుతుంది. అణు విద్యుత్తు కావాలన్న నేను కూడా, ఇంత ఖరీదైన విదేశీ రియాక్టర్లు ఆరు ఒకే చోట ఎందుకన్న ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం వినలేదు.


శ్రీకాకుళం న్యాయవాది

బాధ్యత సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను, ఎందుకంటే నా దృష్టిలో కొవ్వాడ చర్చకు ఇదే కేంద్రం.

భోపాల్‌లో 1984లో విషవాయువు వెలువడింది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ సొమ్ము చాలదని కేంద్ర ప్రభుత్వమే వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒకసారి తక్కువకు ముగిసిన లెక్క, ముప్పై నాలుగేళ్ల తరువాత కూడా తిరిగి తెరుచుకోలేదు. ఆ జ్ఞాపకంతోనే 2010లో పార్లమెంటు అణు ప్రమాదాల పౌర బాధ్యత చట్టం చేసినప్పుడు, కేంద్రాన్ని నడిపే సంస్థ బాధ్యతను 1,500 కోట్ల రూపాయలకు పరిమితం చేసినా, లోపభూయిష్టమైన పరికరం వల్ల ప్రమాదం జరిగితే దాన్ని సరఫరా చేసిన కంపెనీ నుంచి తిరిగి రాబట్టుకునే హక్కును 17వ సెక్షన్‌లో ఉంచింది. అమెరికన్ కంపెనీలు ఇన్నేళ్లు ముందుకు రాకపోవడానికి ప్రధాన కారణం ఆ ఒక్క నిబంధనే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' అనే కొత్త అణుశక్తి చట్టం, 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ 2010 నాటి బాధ్యత చట్టాన్నీ రద్దు చేసి వాటి స్థానంలోకి వచ్చింది. ప్రైవేటు సంస్థలకు అణు విద్యుత్తులో తలుపులు తెరిచింది. సరఫరాదారు నుంచి రాబట్టుకునే ఆ హక్కు, ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప, లోపభూయిష్టమైన పరికరం విషయంలో ఇక లేదు. అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, అది మెచ్చుకోవలసిన మార్పే. ఎందుకంటే ఆ మండలికి తగినంత స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదిక తప్పుపట్టింది. కానీ సరఫరాదారు మీద బాధ్యత తగ్గింది. ఇంజినీరు గారు ఏపీ-1000 భద్రతను గురించి అంత వివరంగా చెప్పారు. ఆ రియాక్టర్ అంత సురక్షితమైతే, దాన్ని అమ్మే కంపెనీ తన యంత్రానికి తాను పూచీ పడటానికి ఎందుకు వెనుకాడాలి? దీనికి సమాధానం లేకుండా భద్రత గురించి ఎన్ని పేజీలు చదివినా నాకు నమ్మకం కలగదు.

కొవ్వాడ వారికి దీని అర్థం ఏమిటంటే, ఆ ఒప్పందంలో ఏముందన్నది ఇక ప్రాణప్రదం. ఆ బాధ్యత నిబంధన ఒప్పందంలో ఉండాలని ఇప్పుడే, సంతకాలు కాకముందే అడగాలి.


కోటపాలెం యువకుడు

పెద్దలందరూ బాగా రాశారు. మా పరిస్థితి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను బడిలో ఉండగా మా ఊరు పోతుందన్నారు. ఇప్పుడు నాకు పెళ్లయింది, ఊరు పోలేదు, ఉన్నట్టూ లేదు. ఖాళీ చేయబోయే ఊరు కదా అని రోడ్డు వేయరు, పోయే ఇల్లు కదా అని కూలిన గోడ మేమూ కట్టుకోము. భూమి మీద బ్యాంకు అప్పు పుట్టదు, అమ్ముదామంటే కొనేవాడు లేడు, పిల్లనివ్వడానికి వచ్చినవారు ముందు అడిగేది మీ ఊరు ఎప్పుడు లేస్తుందనే. పరిహారం తీసుకున్నవారిలో కొందరు పెళ్లిళ్లకు ఖర్చు పెట్టారు, కొందరు అప్పులు తీర్చారు. రేపు నిజంగా కదలమన్నప్పుడు చేతిలో ఏమీ ఉండదు. జాబితా రాసిన నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు విడి కుటుంబం కిందికి రారన్నారు. ఆ పిల్లలే ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులయ్యారు.

నా వయసువాళ్లలో చాలామంది కేంద్రానికి అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు. ఏదో ఒకటి తేల్చమంటున్నారు. కట్టేటట్టయితే తారీఖు చెప్పి, కుటుంబాల లెక్క మళ్లీ రాసి, పని ఇచ్చి కట్టండి. కట్టనట్టయితే ఆ మాట కాగితం మీద రాసి మా భూములు మాకివ్వండి. రియాక్టర్ పేలుతుందేమోనన్న భయం మాకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఈ ఎదురుచూపు మాత్రం రోజూ ఉంది.


రణస్థలం వాసి

తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని నేను రెండుసార్లు చదివాను. ఎన్నో సభల్లో కూర్చున్నాను గానీ ఈ మాటను ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. రాతపూర్వకంగా అడిగేవాటిలో ఇది మొదట ఉండాలి. అణు కేంద్రానికి గడువు పెట్టాలి, ఆ గడువులోగా నిర్మాణం మొదలు కాకపోతే భూమి తిరిగి ఇవ్వాలి. ఉపయోగించని భూమిని తిరిగి ఇవ్వడం గురించి 2013 భూసేకరణ చట్టంలో నిబంధన ఉందని విన్నాను. న్యాయవాది గారు చెప్పాలి.


శ్రీకాకుళం న్యాయవాది

ఉంది, 101వ సెక్షన్. స్వాధీనం చేసుకున్న నాటి నుంచి ఐదేళ్లు వాడకుండా ఉంచిన భూమిని అసలు యజమానికి గానీ ప్రభుత్వ భూనిధికి గానీ చేర్చాలని అది చెబుతుంది. ఆ 'గానీ' అన్నచోటే ప్రభుత్వాలు భూనిధిని ఎంచుకుంటాయి. కాబట్టి యజమానికే ఇవ్వాలని గ్రామసభ తీర్మానం చేయడం అవసరం. డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూముల వారికి కూడా అదే వర్తించాలని ఆ తీర్మానంలో విడిగా రాయండి, లేకపోతే వారు జారిపోతారు.


సోంపేట మిత్రుడు

ఇంజినీరు గారికి ఒక ప్రశ్న మిగిలిపోయింది. మీరు 72 గంటలన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత మా ఊళ్లకు కరెంటు రావడానికి, రోడ్ల మీది చెట్లు తీయడానికి 72 గంటలు చాలలేదు. 2014లో హుద్‌హుద్ విశాఖపట్నాన్నే రోజుల తరబడి చీకట్లో ఉంచింది. నాలుగో రోజున ఏమిటి?


విశ్రాంత ఇంజినీరు

అడగవలసిన ప్రశ్నే అడిగారు. 72 గంటల తరువాత ఆ పై తొట్టిని మళ్లీ నింపాలి. అందుకు చిన్న డీజిల్ జనరేటర్లు, పంపులు, నిల్వ నీరు కేంద్రంలోనే ఉంటాయి, వాటితో వారం వరకు నెట్టుకురావచ్చన్నది రూపకల్పన. ఆ తరువాత బయటి నుంచి నీరు, ఇంధనం రావాలి. తుపాను తీరంలో ఆరు రియాక్టర్లకు ఒకేసారి ఈ స్థితి వస్తే ఏ రోడ్డు మీద ఏ బండి వస్తుందన్నది అత్యవసర ప్రణాళికలో రాసి ఉండాలి. ఫుకుషిమాలో కూడా ఒకే చోట మూడు రియాక్టర్లు దెబ్బతినడమే సిబ్బందిని నిస్సహాయులను చేసింది.

మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఫుకుషిమాలో ఎక్కువ మంది ప్రాణాలు తీసింది రేడియేషన్ కాదు, ఖాళీ చేయించిన తీరు. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు. మంచాన పడిన వృద్ధులను ఆసుపత్రుల నుంచి, ఆశ్రమాల నుంచి తిప్పుతూ ఉండగా, ఆ తరువాత శిబిరాల్లో, చనిపోయినవారి సంఖ్య ఆ ఒక్క ప్రిఫెక్చర్‌లోనే (జపాన్‌లో రాష్ట్రం వంటిది) రెండు వేలు దాటింది. అంటే మంచి ప్రణాళిక లేని తరలింపు కూడా చంపుతుంది. మన పరిధిలో 16వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే పెద్ద దారి. పైడిభీమవరం కార్మికులు, బడి పిల్లలు, వేటకు వెళ్లి సముద్రంలో ఉన్న పడవలు, వీరందరికీ కబురు ఎలా చేరుతుందో చెప్పమనాలి.


తిరునల్వేలిలో పనిచేసినవారు

కూడంకుళం సంగతి కొంత తెలిసినవాడిగా రెండు మాటలు. 2011 నుంచి అక్కడి ఇడిందకరై చర్చి ముందు మత్స్యకార కుటుంబాలు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఏళ్ల తరబడి నిరాహార దీక్షలు చేశారు. వేలమంది మీద దేశద్రోహంతో సహా కేసులు పెట్టారు. 2013 మే 6న సుప్రీంకోర్టు కేంద్రాన్ని నడపడానికి అనుమతిస్తూనే, భద్రతకు సంబంధించి పదిహేను ఆదేశాలిచ్చి, ఆ కేసులను ఉపసంహరించుకునే ప్రయత్నం చేయాలని కూడా చెప్పింది. వాడిన ఇంధనాన్ని రియాక్టర్‌కు దూరంగా నిల్వ చేసే కట్టడం ఐదేళ్లలో కట్టాలన్నది ఆ ఆదేశాల్లో ఒకటి, ఆ గడువు పొడిగింపులతో సాగింది. ఆ నిల్వ కేంద్రాన్ని అదే ఆవరణలో కడతామంటే 2019లో ఊళ్లు మళ్లీ వ్యతిరేకించాయి, ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది.

వ్యర్థాల గురించి ముందే మాట్లాడుకోండి. ఒక వెయ్యి మెగావాట్ల రియాక్టర్ నుంచి ఏటా 20 నుంచి 25 టన్నుల వాడిన ఇంధనం వస్తుంది. శాశ్వతంగా పాతిపెట్టే చోటు మన దేశంలో ఇంకా లేదు. అంటే కొవ్వాడలో పుట్టింది చాలాకాలం కొవ్వాడలోనే ఉంటుంది.


రణస్థలం వాసి

ఇంతవరకు వచ్చినదాన్ని పెట్టుకుని గ్రామసభ తీర్మానం ముసాయిదా రాస్తున్నాను. అనుకూలమా వ్యతిరేకమా అన్న మాట అందులో ఉండదు. నిర్మాణానికి గడువు, లేదంటే యజమానికే భూమి. కుటుంబాల జాబితా ఈనాటి వయసులతో తిరిగి రాయడం. పట్టా లేని మత్స్యకారులను నిర్వాసితులుగా గుర్తించి రేవుకు దగ్గరలోనే ఇళ్లు ఇవ్వడం. స్వతంత్ర సంస్థతో ఆరోగ్య సర్వే. వేడినీటి అధ్యయనం, అత్యవసర ప్రణాళిక, వాడిన ఇంధనం నిల్వ, యూనిట్ ధర, సరఫరాదారు బాధ్యత నిబంధన, ఇవన్నీ తెలుగులో, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ఆరు నెలల ముందు. దీని నకలు కలెక్టరు గారికీ, అణు విద్యుత్ సంస్థకూ, నియంత్రణ మండలికీ రిజిస్టర్డ్ పోస్టులో వెళుతుంది. న్యాయవాది గారు భాష సరిచూస్తే, ఇదే వేదికలో పెడతాను.


కడలి ఇంటివారు

మాస్టారూ, ఒక్కటి చేర్చండి. తీర్మానం రణస్థలం మండలం ఊళ్లతో ఆగకూడదు. సముద్రంలో మండలాల సరిహద్దు లేదు. మా పడవలూ విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లి, తిప్పలవలస పడవలూ వేట చేసేది ఒకే నీటిలో. వారి భూమి ఒక్క సెంటు పోలేదు కాబట్టి వారిని ఇంతవరకు ఏ సమావేశానికీ ఎవరూ పిలవలేదు. చింతపల్లి పెద్దలతో నేను మాట్లాడతాను. వారి గ్రామసభలో కూడా ఇదే తీర్మానం పెట్టేలా చూస్తాను. వేట నిషేధం మొదలైతే మగవాళ్లందరూ ఒడ్డునే ఉంటారు, సభ అప్పుడు పెడితే కోరం గురించి దిగులుండదు.


శ్రీకాకుళం న్యాయవాది

ముసాయిదా పంపండి. చింతపల్లి, తిప్పలవలస పంచాయతీలకు విడి ప్రతి తయారుచేస్తాను, అందులో భూమి అంశాలు తీసేసి వేట, ఆరోగ్యం, అత్యవసర ప్రణాళిక అంశాలు ఉంచుతాను. హాజరైనవారి సంతకాలతో పాటు వేలిముద్రలు కూడా తీర్మానం పుస్తకంలోనే తీసుకోండి, విడి కాగితాల మీద వద్దు.